స్టీరింగ్‌తో మొదలుపెట్టండి: పికప్‌కి సాలిడ్ యాక్సిల్ వేయడం గురించి

(ఆఫ్‌రోడ్ బళ్ల మీద పనిచేసేవాళ్ల సమావేశంలో చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే రాశాం. బోర్డు మీద గీసి చూపించినవి మాత్రం మాటల్లోకి మార్చాం.)

అందరికీ నమస్కారం. వెనకదాకా వినపడుతోందా? సరే.

పికప్ ముందు సస్పెన్షన్ పీకేసి సాలిడ్ యాక్సిల్, అంటే రెండు చక్రాలనీ కలిపే ఒకటే ఇరుసు, ఎలా వేయాలో చెప్పమని నన్ను పిలిచారు. ముందే ఒక మాట అనేస్తాను. ఈ పనిలో యాక్సిల్ వేయడమే అన్నిటికన్నా తేలిక. పాతది విప్పేసి, కొత్త హౌసింగ్‌ని బండి కిందకి దొర్లించి, యు-బోల్టులు బిగించారంటే యాక్సిల్ ఎక్కేసినట్టే. ఆ తర్వాత ఆ బండి రోడ్డు మీద తిన్నగా పోతుందా లేదా అన్నదే అసలు కథ. నా దగ్గరికి రిపేరుకి వచ్చిన ఇలాంటి బళ్లలో యాక్సిల్ విరిగి వచ్చినవి తక్కువే. "చెయ్యి వదిలితే పక్కకి పోతోంది", "గుంతలో పడితే స్టీరింగ్ దానంతటదే తిరుగుతోంది", "ఒక స్పీడుకి వచ్చేసరికి ముందు చక్రాలు దడదడలాడిపోతున్నాయి" అంటూ వచ్చినవే ఎక్కువ. అందుకని ఇవాళ ఎక్కువసేపు స్టీరింగ్ గురించే మాట్లాడతాను. ఏ యాక్సిల్ కొనాలో మీరు ఎలాగూ రాత్రుళ్లు నిద్ర మానుకుని వెతుక్కుంటారు. (నవ్వులు)

అసలు ఈ గొడవ ఎందుకు మొదలైందో రెండు ముక్కల్లో చెబుతాను. ఒకప్పుడు ఫోర్ వీల్ డ్రైవ్ పికప్పులు చాలావాటికి ముందు కూడా లారీలా ఒకటే ఇరుసు ఉండేది. తర్వాత కంపెనీలు ఒక్కొక్కటిగా ముందు చక్రాలు దేనికది విడిగా కదిలే ఇండిపెండెంట్ ఫ్రంట్ సస్పెన్షన్‌కి మారాయి. మనం దాన్ని ఐఎఫ్ఎస్ అంటున్నాం కదా, అది. అమెరికాలో అమ్మిన టయోటా పికప్‌కి 1985 మోడల్ దాకా సాలిడ్ యాక్సిల్ ఉంది. 1986 నుంచి టార్షన్ బార్లతో, అంటే మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీలతో, ఐఎఫ్ఎస్ వచ్చింది. షెవర్లే పికప్పుల్లో 1988లో వచ్చింది. ఫోర్డ్ వాళ్లు 1980లోనే ఇరుసుని రెండు ముక్కలు చేసి ట్విన్ ట్రాక్షన్ బీమ్ అని ఒక మధ్యరకం పెట్టారు. డాడ్జ్ రామ్ 1500కి సాలిడ్ యాక్సిల్ 2002 మోడల్‌తో పోయింది. బరువులు లాగే పెద్ద పికప్పుల్లో, ఫోర్డ్ సూపర్ డ్యూటీ లాంటివాటిలో, ఇప్పటికీ ముందు సాలిడ్ యాక్సిలే ఉంది.

కంపెనీలు బుద్ధిలేక మార్చలేదండీ. రోడ్డు మీద ఐఎఫ్ఎస్ హాయిగా ఉంటుంది. ఒక చక్రం రాయి ఎక్కితే రెండో చక్రానికి ఆ దెబ్బ తెలీదు. గతుకుల మట్టి రోడ్డు మీద స్పీడుగా పోవాలంటే ఐఎఫ్ఎస్‌కి సాటి లేదు, ఎడారి రేసుల్లో పరిగెత్తే ట్రక్కులు చూడండి, ముందు భాగం చాలావాటికి ఇండిపెండెంటే. మీ సరదా అదే అయితే ఈ పని మీకు వద్దు. ఇప్పుడే లేచి వెళ్లి టీ తాగినా నేనేమీ అనుకోను.

మరి ఎవరికి కావాలి? రాళ్ల మీద నెమ్మదిగా పాకేవాళ్లకి. పెద్ద టైర్లు వేసి, ఒక చక్రం నడుం ఎత్తున, ఇంకో చక్రం గోతిలో పెట్టి బండి నడిపేవాళ్లకి. ఐఎఫ్ఎస్‌ని ఎత్తు పెంచితే ఏమవుతుందంటే, చక్రాలని తిప్పే హాఫ్ షాఫ్టుల మడత కీళ్లు, సీవీ జాయింట్లు, వంకరగా పనిచేస్తాయి. టైరు పెద్దది, కోణం ఎక్కువ, స్టీరింగ్ పూర్తిగా తిప్పి ఉంది, అప్పుడు యాక్సిలరేటర్ తొక్కారు. టక్ మంటుంది. బ్రాకెట్లు వేసి డిఫరెన్షియల్‌ని కిందకి దించే కిట్లు ఉన్నాయి కానీ వాటితో బండి ఎత్తు పెరుగుతుందే తప్ప చక్రం పైకీ కిందకీ కదిలే దూరం పెరగదు. సాలిడ్ యాక్సిల్‌లో ఒక పక్క చక్రం పైకి లేస్తే రెండో పక్క చక్రం కిందకి నొక్కుకుంటుంది, టైరు నేలని వదలదు. యాక్సిల్ మీద గేర్లుండే ఉబ్బు, అదే డిఫరెన్షియల్ గుండు, టైర్లతో పాటే లేస్తుంది. ఆ గుండు ఎప్పుడూ కిందే వేలాడుతుందన్న సంగతి కూడా గుర్తుంచుకోండి. రాయి దానికే తగులుతుంది.

యాక్సిల్ ఎంపిక గురించి గబగబా చెప్పేస్తాను. మొదట చూడాల్సింది గుండు ఏ పక్కన ఉందని. ఇంజిన్ శక్తిని ముందు వెనక యాక్సిళ్లకి పంచే పెట్టె, అదే మీ ట్రాన్స్‌ఫర్ కేసు, దాని ముందు షాఫ్టు ఏ పక్కకి వస్తోందో యాక్సిల్ గుండు ఆ పక్కనే ఉండాలి. పాత షెవర్లే పికప్పులకి కుడి పక్క, ఫోర్డులకి ఎడమ పక్క. షెవర్లే 1988లో ఐఎఫ్ఎస్‌తో పాటు ఎడమకి మారిపోయింది. ఎవరో చవగ్గా ఇస్తున్నారని రెండో పక్క గుండు ఉన్న యాక్సిల్ తెచ్చుకుని నెత్తి పట్టుకున్నవాళ్లు నాకు తెలుసు. టయోటా వాళ్ల అదృష్టం, పాత సాలిడ్ యాక్సిల్ గుండు, 1986 తర్వాతి పికప్ ఐఎఫ్ఎస్ గుండు ఒకే పక్క ఉంటాయి. ఆరు బోల్టుల 139.7 మిల్లీమీటర్ల చక్రమే రెండిటికీ. అందుకే ఆ బండికి ఈ పని చేసినవాళ్లు అంతమంది. వెడల్పు మాత్రం తేడా. పాత యాక్సిల్ సుమారు 3 అంగుళాలు ఇరుకు.

రెండోది, గుండు లోపల క్రౌన్ అనే పెద్ద గేరు, షాఫ్టు తిప్పే పినియన్ అనే చిన్న గేరు ఉంటాయి, ఆ క్రౌన్ పినియన్ నిష్పత్తి ముందు వెనక ఒకటే ఉండాలి. వెనక 4.10, ముందు 4.88 పెట్టి ఫోర్ వీల్ వేశారంటే గట్టి నేల మీద ట్రాన్స్‌ఫర్ కేసు మెడ విరుస్తారు. ఎలాగూ గేర్లు మార్చాల్సిందే అనుకోండి, టైరు లెక్క కూడా అప్పుడే వేసుకోండి. 31 అంగుళాల టైరుతో 4.10 బాగా నడిచిన బండికి 35 అంగుళాల టైరు వేస్తే అదే లాగుడు కోసం 4.63 కావాలి. అలాంటి సెట్టు దొరకదు కాబట్టి 4.56 గానీ 4.88 గానీ. బరువు మోసే బండికి నేనైతే 4.88 వేస్తాను.

మూడోది సైజు. డానా కంపెనీ యాక్సిళ్లలో డానా 44 క్రౌన్ 8.5 అంగుళాలు, డానా 60ది 9.75. అందరూ డానా 60 అంటారు. నాలుగు సిలిండర్ల చిన్న పికప్ కింద డానా 60 పెడితే ఆవుకి ఏనుగు కాళ్లు అతికించినట్టు ఉంటుంది. ఆ బరువంతా స్ప్రింగుల కింద ఎగిరే బరువు. 37 అంగుళాల టైర్లు దాటితే ఆలోచించండి, లేకపోతే వద్దు.

ఇప్పుడు ఛాసీ. ఐఎఫ్ఎస్ కంట్రోల్ ఆర్మ్ బ్రాకెట్లు, టార్షన్ బార్ క్రాస్ మెంబర్, డిఫరెన్షియల్ పట్టుకునే మౌంట్లు, అన్నీ కోసి గ్రైండ్ చేయాలి. రెండు రోజులు నిప్పురవ్వలే. కోయకముందు ఒక పని చేయండి. బండిని మట్టంగా ఉన్న నేల మీద నిలబెట్టి, తాపీ మేస్త్రి వాడే తూకం గుండు తీసుకుని, ముందు చక్రాల నడిమధ్య నుంచి నేల మీదకి దించి సుద్దతో గీయండి. ఛాసీ మీద నాలుగు చోట్ల నుంచి కూడా. అవి నేల మీద ఉంటే రేపు కొత్త యాక్సిల్ ఎక్కడ నిలబడాలో, ఛాసీకి తిన్నగా అడ్డంగా ఉందో లేదో చూసుకోవడానికి మీకు ఆధారం ఉంటుంది. బ్రాకెట్లన్నీ కోసేశాక "ఇంతకీ చక్రం ఎక్కడుండేది?" అని అడిగితే చెప్పేవాడు ఉండడు.

తర్వాత అందరూ స్ప్రింగులు బిగిస్తారు. నేను ముందు బంప్ స్టాపులు, అంటే పైకి లేచే యాక్సిల్‌ని ఆపే అడ్డులు, చూస్తాను. కమాన్ కట్టల్లో ఒక్క పట్టీ మాత్రం ఉంచి, లేదా కాయిల్ అయితే స్ప్రింగ్ తీసేసి, జాకీతో యాక్సిల్‌ని పైదాకా లేపాలి. ఎడమ పక్క పూర్తిగా పైకి, కుడి పక్క పూర్తిగా కిందకి. తర్వాత తారుమారుగా. రెండు పక్కలా స్టీరింగ్ చివరిదాకా తిప్పి చూడాలి. గుండు ఇంజిన్ ఆయిల్ సంప్‌కి తగులుతుందా, రెండు చక్రాలనీ కలిపే టై రాడ్ ఛాసీకి తగులుతుందా, బ్రేకు గొట్టం బిగుసుకుపోతుందా అన్నది అప్పుడే బయటపడుతుంది. ఇదంతా అయ్యేదాకా వెల్డింగ్ అంటే చుక్కలే, టాకా వేసి ఆపేయాలి.

నా మొదటి బండికి నేను ఆ పని చేయలేదు. కమాన్ కూర్చునే పర్చులు యాక్సిల్ మీద పెట్టి, పినియన్ ఎంచక్కా ట్రాన్స్‌ఫర్ కేసు వైపు చూసేలా తిప్పి, ఫుల్ వెల్డింగ్ కొట్టేశాను. షాఫ్టు తిన్నగా ఉంది, నా అంత మొనగాడు లేడనుకున్నాను. రోడ్డెక్కాక మలుపు తిరిగి స్టీరింగ్ వదిలితే అది వెనక్కి రాదు. తిప్పిన చోటే ఉంటుంది. హైవే మీద బండిని తిన్నగా ఉంచడానికి గంటసేపు రెండు చేతులతో సర్దుతూనే ఉన్నా. ఇంటికొచ్చి యాంగిల్ మీటర్ పెడితే క్యాస్టర్ 1 డిగ్రీ.

ఇది కాస్త నిదానంగా చెబుతాను, ఎందుకంటే ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. సైకిల్ ముందు ఫోర్కు చూడండి, హ్యాండిల్ దగ్గర వెనక్కి వాలి ఉంటుంది. ఆ వాలు వల్లే చెయ్యి వదిలినా చక్రం తిన్నగా ఉంటుంది. బండికి కింగ్ పిన్, అంటే చక్రం మలుపు తిరిగే కీలు, అలా వెనక్కి వాలి ఉండే కోణమే క్యాస్టర్. 35 అంగుళాల టైరు సగం ఎత్తు పదిహేడున్నర అంగుళాలు. క్యాస్టర్ 6 డిగ్రీలు ఉంటే కింగ్ పిన్ గీత నేలని తాకే చోటు టైరు నేలని తాకే చోటికి సుమారు 1.8 అంగుళాలు ముందు పడుతుంది. ఆ 1.8 అంగుళాలే చక్రాన్ని వెనక్కి లాగి తిన్నగా పెడతాయి. 1 డిగ్రీకి అది అంగుళంలో మూడో వంతు కూడా లేదు. ఇక చక్రం ఎందుకు తిరిగొస్తుంది?

చిక్కు ఏంటంటే, ముందు యాక్సిల్‌లో కింగ్ పిన్, పినియన్ రెండూ ఒకే ఇనుము. యాక్సిల్‌ని క్యాస్టర్ కోసం తిప్పితే పైభాగం వెనక్కి పోతుంది, పినియన్ ముక్కు కిందకి దిగుతుంది. షాఫ్టు జాయింట్ క్రాస్ మీద కోణం పెరుగుతుంది. పినియన్‌ని పైకి లేపితే క్యాస్టర్ పోతుంది. బండి ఎత్తు పెంచిన కొద్దీ ఈ తగువు ముదురుతుంది. కాబట్టి మీరు ముందు పినియన్ కోణం పెట్టుకోండి. తర్వాత యాక్సిల్ చివర్లలో నకిల్‌ని, అంటే చక్రంతో పాటు మలుపు తిరిగే భాగాన్ని, పట్టుకునే ముక్కల వెల్డింగ్ కోసి, వాటిని క్యాస్టర్‌కి కావలసినంత తిప్పి, మళ్లీ వెల్డ్ చేయాలి. చివరికి ఎప్పుడూ రెండు పక్కలా ఒకే డిగ్రీ రావాలి. నేను 5 నుంచి 7 మధ్య పెడతాను. పినియన్ పైకి ఉండే హై పినియన్ హౌసింగ్ దొరికితే ఈ బాధ సగం తగ్గుతుంది. పైగా ముందు యాక్సిల్‌లో హై పినియన్ పళ్లు బండి ముందుకి పోయేటప్పుడు బలమైన వైపు మీద పనిచేస్తాయి. నా మొదటి బండికి ఆ పర్చులు గ్రైండ్ చేసి తీయడానికి వెల్డ్ చేసినదానికన్నా మూడు రెట్లు సమయం పట్టింది.

ఇక స్టీరింగ్. పాత టయోటా సాలిడ్ యాక్సిల్ బళ్లలో స్టీరింగ్ బాక్సు నుంచి చక్రానికి పోయే కడ్డీ, డ్రాగ్ లింక్, ఛాసీ వెంబడి ముందుకీ వెనక్కీ తోస్తుంది. ఆ పక్క చక్రం బాగా కిందకి దిగినప్పుడల్లా లింకు లాగి చక్రం కాస్త తిరుగుతుంది. మామూలు ఎత్తులో పర్లేదు, ఎత్తు పెంచితే చిరాకు. అందుకే అడ్డంగా తోసే పద్ధతి, క్రాసోవర్ అంటారే, అది పెట్టుకుంటారు. బాక్సు డ్రైవర్ పక్క ఉంటుంది, డ్రాగ్ లింక్ అడ్డంగా పోయి రెండో పక్క నకిల్‌ని పట్టుకుంటుంది. టయోటాకి 1986 తర్వాతి ఐఎఫ్ఎస్ బండి స్టీరింగ్ బాక్సే ఇందుకు బాగా పనికొస్తుంది. అంటే పీకేసినవాటిలో ఒక్క వస్తువైనా పారేయకుండా వాడుకోవచ్చన్నమాట.

బాక్సు బిగించే చోట ఛాసీకి మందపాటి ప్లేటు వెల్డ్ చేయండి. బోల్టులకి ఛాసీ లోపల గొట్టాలు వేయండి, లేకపోతే మీరు బిగించిన కొద్దీ ఛాసీ రేకు నొక్కుకుపోయి, ఏడాదికి అక్కడ పగులు కనిపిస్తుంది.

ఇప్పుడు ఈ లెక్క చూడండి. (బోర్డు మీద గీస్తూ) డ్రాగ్ లింక్ 36 అంగుళాలు అనుకుందాం. బండి నిలబడి ఉన్నప్పుడు లింకు మట్టంగా ఉంది. స్పీడ్ బ్రేకర్ ఎక్కి యాక్సిల్ 4 అంగుళాలు లేచింది. లింకు కొన గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి అడ్డంగా 0.2 అంగుళాలు లోపలికి లాగుతుంది. ఇప్పుడు బండి ఎత్తు పెంచేశాం, లింకు యాక్సిల్ వైపు 8 అంగుళాలు కిందకి వాలి ఉంది. అదే స్పీడ్ బ్రేకర్, యాక్సిల్ అదే 4 అంగుళాలు లేచింది. ఈసారి లింకు కొన దాదాపు 0.7 అంగుళాలు బయటికి తోస్తుంది. స్టీరింగ్ ఆర్మ్ 6 అంగుళాలు ఉంటే చక్రం 6 డిగ్రీల పైన తిరిగినట్టు. మీరు స్టీరింగ్ ముట్టుకోలేదు, అదే తిరిగింది. దీన్నే బంప్ స్టీర్ అంటారు. కాబట్టి నకిల్ పైన ఆర్మ్ వేసి లింకుని ఎంత మట్టంగా ఉంచగలిగితే అంత మంచిది. నేనైతే యాక్సిల్ కొనకముందు స్టీరింగ్ ఆర్ములు ఏ నకిల్‌కి దొరుకుతాయో చూస్తాను. తర్వాతే యాక్సిల్.

కమాన్ కట్టలు వేసినవాళ్లకి కట్టలే యాక్సిల్‌ని పక్కకి పోకుండా పట్టుకుంటాయి. కాయిల్ స్ప్రింగులు, లింకులు వేసినవాళ్లకి పాన్‌హార్డ్ రాడ్ కావాలి, ఒక కొన ఛాసీకి, ఒక కొన యాక్సిల్‌కి. ఇక్కడ ఒక తమాషా ఉంది. పాన్‌హార్డ్ రాడ్ కూడా గుండ్రంగానే తిరుగుతుంది, యాక్సిల్‌ని మొత్తంగా పక్కకి జరుపుతుంది. డ్రాగ్ లింక్, పాన్‌హార్డ్ రెండూ ఒకే పొడవు, ఒకే వాలు ఉన్నాయనుకోండి, ఇందాక లింకు 0.7 అంగుళాలు తోసినప్పుడు యాక్సిల్ కూడా అదే వైపు 0.7 అంగుళాలు జరుగుతుంది. తేడా సున్నా. చక్రం తిరగదు. ఒకటి ఇటు వాలి, రెండోది అటు వాలి ఉంటే రెండు తప్పులూ కలిసి రెట్టింపు అవుతాయి. నా దగ్గరికి వచ్చిన ఒక బండిలో అచ్చంగా అలాగే ఉంది. బిగించిన ఆయన వెల్డింగ్ చూస్తే ముద్దొస్తుంది, అంత చక్కగా ఉంది. రాడ్ మాత్రం తిరగేసి పెట్టాడు.

చక్రాలు దడదడలాడే రోగం సంగతి. దానికి స్టీరింగ్ డ్యాంపర్ కొని బిగిస్తారు. అది నొప్పి మాత్ర మాత్రమే. పాన్‌హార్డ్ బోల్టు రంధ్రం సాగిపోయిందా, టై రాడ్ కొనలు వదులయ్యాయా, కింగ్ పిన్ బేరింగు బిగువు సరిగ్గా ఉందా, టైర్లు బ్యాలెన్స్ చేయించారా అన్నవి చూడండి. ఒకరు లోపల కూర్చుని ఇంజిన్ ఆన్ చేసి స్టీరింగ్ కొంచెం అటూ ఇటూ ఊపాలి, ఇంకొకరు కింద ఒక్కో జాయింట్ మీద చెయ్యి పెట్టి చూడాలి. వదులున్న చోటు చేతికే తెలిసిపోతుంది.

వెల్డింగ్ గురించి రెండు మాటలు. హౌసింగ్ పైన బలం కోసం ట్రస్ వేసి ఒకే వరసలో వెల్డ్ కొట్టుకుంటూ పోతే చల్లారేటప్పుడు పైభాగం ముడుచుకుని యాక్సిల్ కొనలు పైకి లేస్తాయి. రెండు అంగుళాలు ఇక్కడ, రెండు అంగుళాలు అక్కడ, మధ్యలో చల్లారనివ్వాలి. బ్యాటరీ విప్పేయండి. ఇంకొకటి, దయచేసి నవ్వకండి, బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన చోట వెల్డింగ్ చేయకండి. క్లోరిన్ ఉన్న క్లీనర్ మీద ఆర్క్ పడితే ఫాస్జీన్ అనే విష వాయువు పుడుతుంది. ఊపిరితిత్తులకి చాలా ప్రమాదం. డబ్బా మీద క్లోరినేటెడ్ అని ఉందా లేదా చదవండి, ఉంటే ఆ డబ్బాని వెల్డింగ్ జరిగే గదిలోకే రానివ్వకండి.

సరే, ప్రశ్నలు ఉంటే అడగండి.

(సభలోంచి: మొదటిసారి చేసేవాళ్లు కమాన్లు వేయాలా, కాయిల్స్ వేయాలా?)

కమాన్లు. చూడ్డానికి పాతకాలం లెక్కే. కానీ యాక్సిల్‌ని ముందుకీ వెనక్కీ పట్టుకోవడం, పక్కకి పట్టుకోవడం, బరువు మోయడం, అన్నీ ఆ కట్టే చూసుకుంటుంది. మీరు తప్పు చేయడానికి చోట్లు తక్కువ. కాయిల్స్‌తో లింకుల కోణాలు, పాన్‌హార్డ్, ఛాసీ బ్రాకెట్లు, అన్నీ మీరే డిజైన్ చేయాలి. రెండో బండికి చేసుకోండి.

(సభలోంచి: నా బండి కొత్తది అండీ, ఏబీఎస్ ఉంది. అది ఏమవుతుంది?)

పాత యాక్సిల్ తెస్తే చక్రం స్పీడు చెప్పే సెన్సర్ ఉండదు. డ్యాష్‌బోర్డు మీద దీపం వెలుగుతుంది, ఏబీఎస్ పోతుంది, దానితో పాటు ట్రాక్షన్ కంట్రోల్ లాంటివీ పోతాయి. కొత్త బండికి సెన్సర్లు ఉన్న యాక్సిలే వెతకండి. 2005 తర్వాతి సూపర్ డ్యూటీ ముందు యాక్సిల్‌కి కాయిల్స్, హై పినియన్ ఉంటాయి. గుండు ఎడమ పక్క, చక్రం ఎనిమిది బోల్టులది. అయినా సెన్సర్ చదివే పళ్ల చక్రం, టోన్ రింగు, పళ్ల సంఖ్య మీ బండి కంప్యూటర్ అనుకునే లెక్కకి సరిపోవాలి. లేకపోతే ముందు చక్రాలు ఒక స్పీడులో, వెనక చక్రాలు ఇంకో స్పీడులో పోతున్నాయని అది నమ్మి బ్రేకులతో ఆడుకుంటుంది. ఇంకో సంగతి, మీరుండే చోట ఇలాంటి మార్పుకి అనుమతి, ఇన్సూరెన్స్ ఎలా ఉంటాయో పని మొదలుపెట్టక ముందే కనుక్కోండి.

(సభలోంచి: తర్వాత నచ్చకపోతే మళ్లీ ఐఎఫ్ఎస్ వేసుకోవచ్చా?)

(నవ్వుతూ) బ్రాకెట్లు కోయకముందు అడగాల్సిన ప్రశ్న. కోసేశాక వెనక్కి పోవాలంటే ఇంకో ఛాసీ కొనడమే. అందుకే నేను యాక్సిల్, స్టీరింగ్ ఆర్ములు, కమాన్లు, బ్రేకు గొట్టాలు, చివరి నట్టు దాకా అన్నీ షెడ్డులో పక్కన పెట్టుకున్నాకే గ్రైండర్ ప్లగ్ పెడతాను. నా మొదటి బండిలోంచి తీసిన ఐఎఫ్ఎస్ డిఫరెన్షియల్ నాలుగేళ్లు షెడ్డులో పడుంది. ఎప్పటికైనా పనికొస్తుందని దాచా. చివరికి పక్కింటాయన ఐఎఫ్ఎస్ బండిది విరిగిపోతే ఆయనకి ఇచ్చేశాను. ఆయన ఇప్పటికీ దాని మీదే తిరుగుతున్నారు, స్టీరింగ్ వదిలేసి ఒక్క వేలితో.